గన్నవరం గదికి సున్నం వేయించిన వైనం

పెద్ద అధికారి వస్తున్నాడంటే ఇప్పటి ఇంజనీర్లు ఏం చేస్తారో నాకు తెలియదు. కంప్యూటర్లో రంగురంగుల బొమ్మలు చూపిస్తారనుకుంటాను. మా రోజుల్లో మాత్రం సున్నం వేసేవాళ్లం. మంత్రి వస్తే సున్నం, కలెక్టరు వస్తే సున్నం, మా పై అధికారి ఎస్ఈ గారు వేరే పని మీద అటుగా వెళ్తున్నారని తెలిసినా సున్నమే. చెట్ల మొదళ్లు, మైలురాళ్లు, కల్వర్టు గోడలు, ఏదైనా సరే కదలకుండా నిలబడితే చాలు, మా వాళ్లు దానికి సున్నం కొట్టి కింద ఎర్రమన్నుతో పట్టీ గీసేసేవారు. ఓసారి గెస్ట్‌హౌస్ ఆవరణలో పడుకున్న గేదెని చూపించి మా మేస్త్రీ, "దీన్నేం చేద్దాం సార్?" అని అడిగాడు. లేపి తోలేయమన్నాను. నేను ఆ మాట చెప్పకపోతే ఏం చేసేవాడో నాకిప్పటికీ అనుమానమే.

ఈ మధ్య కొందరు కుర్ర ఇంజనీర్లు నన్ను పట్టుకుని, "మీ సర్వీసులో కట్టిన వాటి గురించి ఏదైనా రాయండి సార్, మాకు పనికొస్తుంది" అన్నారు. నేను కట్టినవాటి గురించి రాయడానికి ఏమీ లేదు. కల్వర్టులు కట్టాను. వాటి కింద నీళ్లు పోతాయి, మీద బళ్లు పోతాయి. రోడ్లు వేశాను. అవి వాటంతటవే పోయాయి. నా ఉద్యోగం మొత్తంలో పదిమందికి చెప్పుకోదగ్గ పని ఒక్కటే ఉంది. అది కట్టిన పని కాదు, కూల్చబోయిన పని. అందులోనూ నేను చేసిన ఘనకార్యం సున్నం వేయించడమే కాబట్టి, ఇందులో మీకు పనికొచ్చేది ఏముందో మీరే వెతుక్కోండి.

తొంభైల చివర్లో నన్ను విజయవాడ వేశారు. గన్నవరం విమానాశ్రయానికి వెళ్లే ఒక చిన్న రోడ్డుని వెడల్పు చేసే పని అప్పగించారు. ఆ రోజుల్లో అక్కడ విమానం వచ్చిన రోజుల కంటే రాని రోజులే ఎక్కువ. అయినా రేపోమాపో వస్తాయన్న ఆశతో రోడ్డు మాత్రం ముందే వెడల్పు చేయాలనుకున్నారు. ఆ రోడ్డుకి సరిగ్గా అడ్డంగా, విమానాశ్రయం కంచెకి బయట, ఒక పాత ఇటుకల గది ఉంది. యుద్ధం రోజుల్లో మిలటరీ వాళ్లు విమానాలు దిగడానికి అక్కడ నేల చదును చేసినప్పుడు కట్టిన గదుల్లో మిగిలింది అదొక్కటే. మిగతావి ఎప్పుడో ఇటుకలుగా విడిపోయి చుట్టుపక్కల ఊళ్లలో పశువుల కొట్టాలకి గోడలైపోయాయి. ఈ గదిని కూల్చడానికి ఎస్టిమేటు వేయాల్సింది నేను.

కొలతలు తీసుకుందామని ఒక ఆదివారం టేపు పట్టుకుని వెళ్లాను. ఆదివారం ఎందుకంటే నా సిన్సియారిటీని పై అధికారులు గమనించాలని. గమనించలేదు. తీరా వెళ్తే గదిలో చాప పరుచుకుని నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. మధ్యలో క్యారియర్ గిన్నెలు, పులిహోర వాసన.

"ఎవరండీ మీరంతా? ఇది గవర్నమెంటు ప్రాపర్టీ" అన్నాను, వీలైనంత గంభీరంగా.

వాళ్లలో పెద్దావిడ ఒకరు కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. తెల్ల చీర, తల మీదుగా కొంగు. "మేమూ గవర్నమెంటు మనుషులమేలే బాబూ. ముప్ఫై ఏళ్లు మునిసిపల్ స్కూల్లో పనిచేశాను. ముందు నువ్వు చెప్పులు బయట విప్పి రా" అన్నారు.

విప్పాను. అలా విప్పడంతోనే నా గాంభీర్యం కూడా బయటే ఉండిపోయింది. మళ్లీ తీసుకోవడం నావల్ల కాలేదు.

ఆవిడ భవానీపురంలో ఉండేవారు. ఉర్దూ స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. అందరూ పెద్ద టీచరు గారు అనేవారు. ఆ గదినీ, ఆ పాత విమానాల మైదానం సంగతులనీ కాపాడాలని కొంతమందిని పోగుచేసి, ఎవరి దగ్గరా పైసా ఆశించకుండా ఆదివారాలు అక్కడ కూర్చునేవారు. గదిలో చెత్త ఎత్తడం, ముళ్లకంపలు కొట్టడం, ఊళ్లో ముసలివాళ్లని పిలిచి యుద్ధం కబుర్లు చెప్పించుకోవడం వాళ్ల పని. ఆవిడకి కుడిభుజం ఆటోనగర్లో లేత్ వర్క్స్ పెట్టుకున్న ఒక పెద్దమనిషి. కంకిపాడు వైపు వ్యవసాయం వదిలేసి ఇనుములోకి వచ్చినాయన. ఆయనకి ఏ తుప్పుముక్క కనిపించినా అది యుద్ధవిమానంలోదే. మొదటి రోజే నాకు ఒక బరువైన పళ్లచక్రం చూపించి, "ఇది చూశారా ఏఈ గారూ? ఫైటర్ విమానం ల్యాండింగ్ గేరండీ ఇది!" అన్నాడు. నేను నోరు వెళ్లబెట్టి చూశాను. తర్వాత అది చెరుకుగానుగది అని తేలింది. అప్పటికే దాని పక్కన నిలబడి నేను ఫోటో కూడా దిగాను. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ల్యాండింగ్ గేరు అనే చెబుతాను.

సరే, కొలతలు తీసుకోవడానికి వచ్చానని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. పెద్ద టీచరు గారు లేచి, "టేపు పక్కన పెట్టి ఈ గోడ చూడు బాబూ ఒకసారి" అన్నారు.

లోపలి గోడ నిండా బొగ్గుతో రాతలు. ఇంగ్లీషులో పేర్లు, హిందీలో ఏదో, ఇంకేవో నాకు తెలియని లిపులు, ఇంటికి వెళ్లే రోజు కోసం ఎవరో లెక్కబెట్టుకున్న నిలువు గీతలు. ఒక మూల విమానం బొమ్మ. దాని ముక్కు ఆనపకాయలా ఉంది. ఈ రాతలే ఆ గది యుద్ధకాలం నాటిదని చెప్పడానికి ఉన్న ఆధారం. ఇవి కాక, కిటికీ పక్కన, నా నడుం ఎత్తులో, గోడ ప్లాస్టరింగులో సన్నగా కోసిన అడ్డగీత ఒకటుంది. దాని మీద ఆవిడ వేలు ఆగింది.

"ఈ గది కట్టిన తాపీమేస్త్రీ మా అబ్బా" అన్నారు. వాళ్లింట్లో నాన్నని అలా పిలుస్తారు. "అప్పుడు నేను చిన్నదాన్ని. అమ్మతో కలిసి ఆయనకి అన్నం తెచ్చేదాన్ని. గోడ ఇంకా పచ్చిగా ఉంది. నన్ను గోడకి నిలబెట్టి, మడమలు ఆనించు, తల ఎత్తు అని చెప్పి, తాపీ మొనతో ఇలా గీశారు. వచ్చే ఏడాది మళ్లీ కొలుద్దాం, ఎంత పెరిగావో చూద్దాం అన్నారు. వచ్చే ఏడాదికి ఇక్కడ మిలటరీ వాళ్లున్నారు, మమ్మల్ని రానివ్వలా. యుద్ధం అయిపోయిన కొన్నాళ్లకే ఆయన పోయారు. ఫోటో లేదు. ఆయనకి రాత రాదు, కాబట్టి చేతిరాతా లేదు. ఆయన చేత్తో చేసింది నాకంటూ మిగిలింది ఈ గీతేనయ్యా."

నేను టేపు జేబులో పెట్టుకున్నాను. అది గొప్ప త్యాగమేమీ కాదు, ఎస్టిమేటు సోమవారం కూడా వేసుకోవచ్చు. కానీ పులిహోర తిని లేచేసరికి నన్ను కూడా మెంబర్ని చేసేశారు. ఆ రోజు నుంచి నా బతుకు వింతగా తయారైంది. వారమంతా ఆఫీసులో ఆ గదిని ఎలా కూల్చాలో రాసేవాణ్ణి, ఆదివారం అదే గదిలో కూర్చుని ఎలా కాపాడాలో ఆలోచించేవాణ్ణి. రెండూ శ్రద్ధగానే చేసేవాణ్ణని నా నమ్మకం.

కాపాడటానికి ఒక్కటే దారి. రోడ్డుని ఆ గది దగ్గర కాస్త పక్కకి జరపాలి. అలా జరిపే అధికారం మా ఎస్ఈ గారిది. ఆయన చుట్టూ కాలు గాలిన పిల్లిలా తిరిగి తిరిగి, ఎట్టకేలకు ఒప్పించాను. "సరేనయ్యా, రోడ్డు చూడ్డానికి ఎలాగూ వస్తాను కదా, ఆ గోడ మీద రాతలేవో అంటున్నావు, అవీ చూస్తాను. నిజంగా విషయం ఉంటే ఆలోచిద్దాం" అన్నారు.

ఇక్కడే నాలోని ఉద్యోగి మేలుకున్నాడు. ఎస్ఈ గారు వస్తున్నారు! నా చేతులు వాటంతటవే సున్నం వైపు వెళ్లాయి.

మీకో సంగతి చెప్పాలి. మా ఆఫీసు వేయించే సున్నానికి ఒక పేరుంది. గోడకి ఆనుకుంటే చొక్కాకి వచ్చేది, వాన పడితే నేలమీదికి వచ్చేది. గోడ మీద మాత్రం నిలిచేది కాదు. నిలవాలని ఎవరూ అనుకునేవారు కాదు కూడా, వచ్చిన అధికారి కారెక్కేదాకా నిలిస్తే చాలు. నేనూ అన్నేళ్లు అలాంటి సున్నమే వేయించాను. కానీ ఈ గది విషయంలో మాత్రం నాకేమైందో, మనసు పెట్టి చేయాలనిపించింది. మంచి రాతిసున్నం తెప్పించాను. రోజుల తరబడి గాబులో నానబెట్టించాను. గుడ్డతో వడకట్టించి, తుమ్మబంక కలిపించాను. దగ్గర నిలబడి మరీ చేయించాను. మా మేస్త్రీ నన్ను అనుమానంగా చూసి, "ఇంట్లో అంతా బాగేనా సార్?" అని అడిగాడు.

బయటి గోడలకి మాత్రమే వేయమని చెప్పాను. స్పష్టంగానే చెప్పాను. కానీ లోపల ఏముందో, ఎందుకు వేయకూడదో చెప్పలేదు. ఎస్ఈ గారికి చెప్పాను, పేపర్ల వాళ్లకి చెప్పాను, కాలేజీకి వెళ్లి పిల్లలకి ఉపన్యాసం ఇచ్చాను, మా బావమరిదికి వద్దంటున్నా చెప్పాను. అన్నేళ్లుగా నా పక్కన నిలబడి పనిచేసిన మనిషికి మాత్రం చెప్పాలని తోచలేదు. చరిత్రతో వీడికేం పని అనుకున్నాను కాబోలు. లేదు, అంత కూడా అనుకోలేదు. అతను అక్కడ ఉన్నట్టే నాకు అనిపించలేదు.

ఎస్ఈ గారు వచ్చే రోజు పొద్దున్నే పెద్ద టీచరు గారినీ, ఆటోనగర్ పెద్దమనిషినీ జీపులో ఎక్కించుకుని గన్నవరం బయల్దేరాను. దూరం నుంచే గది ధగధగలాడిపోతోంది. అంత అందమైన సున్నం నా సర్వీసులో నేను చూడలేదు. ఛాతీ పొంగింది. మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కనుబొమల మీద కూడా సున్నమే. మొహం వెలిగిపోతోంది.

"లోపలికి వచ్చి చూడండి సార్!" అన్నాడు.

లోపలికి వెళ్లాను. నాలుగు గోడలూ పాలలో ముంచి తీసినట్టున్నాయి. కింద ఎర్రమన్ను పట్టీ. నేల మీద ముగ్గు కూడా వేశారు.

"సున్నం మిగిలిపోయింది సార్. ఇంత మంచి సున్నం పారబోయబుద్ధి కాలా. లోపల గోడ చూస్తే మరీ అసయ్యంగా ఉంది, ఎవరో ఎదవలు బొగ్గుతో పిచ్చిపిచ్చిగా గీకేశారు. పెద్దాయన వస్తన్నారు, మీకు మాట రాకూడదని, పగుళ్లన్నిటికీ లప్పం పెట్టి, మూడు పూతలు లాగించేశాం. దీనికి కూలి కూడా వద్దు సార్. ఇది మా తరఫున."

నేను తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. ఆ గదికి సరిగ్గా నప్పింది. ఆటోనగర్ పెద్దమనిషి నెత్తిమీద చేతులు పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. పెద్ద టీచరు గారు నా వెనకే లోపలికి వచ్చారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆవిడ కిటికీ పక్కకి వెళ్లి, నడుం ఎత్తులో గోడని అరచేత్తో మెల్లగా తడిమారు. నున్నగా ఉంది. అటూ ఇటూ చాలాసేపు తడిమారు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగారు. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

"బాగా వేశావు నాయనా. పనంటే ఇలా ఉండాలి" అన్నారు.

అప్పుడు నా దగ్గరికి వచ్చి, మేస్త్రీకి వినబడకుండా, "ఇక్కడేముందో ఇతనికి చెప్పలేదా?" అని అడిగారు.

"లేదండీ" అన్నాను.

"ఏం?"

ముప్ఫై ఏళ్లు పిల్లల్ని అడిగిన గొంతు అది. హోంవర్క్ చేయని వాళ్లు ఆ గొంతు ముందు ఎలా నిలబడి ఉంటారో నాకు అప్పుడు అర్థమైంది.

ఎస్ఈ గారి కారు వచ్చింది. ఆయన లోపలికి వచ్చి, నాలుగు గోడలూ చూసి, "భేష్, గది చాలా నీట్‌గా ఉంచారే! ఏవయ్యా, ఆ రాతలెక్కడ?" అన్నారు.

పెద్ద టీచరు గారే ముందుకు వచ్చారు. తెల్లటి గోడ మీద వేలు పెట్టి, ఒక్కో చోటా ఏముందో చెప్పుకుంటూ పోయారు. ఇక్కడ ఒకడు తన పేరు రాసుకున్నాడు, ఇక్కడ విమానం బొమ్మ, ఇక్కడ ఇంటికెళ్లే రోజు కోసం గీతలు. చివరికి కిటికీ దగ్గర ఆగి, "ఇక్కడ మా అబ్బా నా ఎత్తు కొలిచారండి" అన్నారు.

ఎస్ఈ గారు కళ్లు చికిలించి చూశారు. "నాకేం కనబడటం లేదమ్మా."

"కనబడదండి. సున్నం కింద ఉంది. మీరొస్తున్నారని మీ ఇంజనీరు గారు వేయించారు."

ఎస్ఈ గారు నావైపు తిరిగారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన బొజ్జ కదలడం మొదలైంది. తర్వాత పగలబడి నవ్వారు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. నా ఉద్యోగ జీవితంలో ఒక పై అధికారిని అంతగా సంతోషపెట్టింది ఆ రోజే.

"అమ్మా, మీరేం బెంగపడకండి" అన్నారు నవ్వాపుకుంటూ. "సున్నం వేయించింది మావాడే కదా! ఒక్క వానాకాలం ఆగండి. మా సున్నం సంగతి నాకు తెలుసు, చెమ్మకి దానంతట అదే రాలిపోతుంది. అప్పుడు వచ్చి చూస్తాను. ఉంటే రోడ్డు జరుపుతా. లేకపోతే మాత్రం గది తీసేయక తప్పదు. నేనూ పైన సమాధానం చెప్పుకోవాలి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆటోనగర్ పెద్దమనిషి అయితే చప్పట్లు కొట్టాడు. నేనొక్కణ్ణే బిక్కమొహం పెట్టాను. ఆ సున్నం ఎలాంటిదో నాకు తెలుసు. నానబెట్టిందీ, వడకట్టిందీ, బంక కలిపిందీ నా కళ్లముందే.

ఎస్ఈ గారు వెళ్లాక మేస్త్రీని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆలస్యంగానైనా చెప్పాను. అతను విని, తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఒక్క ముక్క చెప్పుంటే సార్, ఆ గోడకి నా ఊపిరి కూడా తగలనిచ్చేవాణ్ణి కాదు. నాకూ ఆడపిల్ల ఉందిగా" అన్నాడు. అతను పెద్ద టీచరు గారి కాళ్ల మీద పడబోతే ఆవిడ పడనివ్వలేదు. తర్వాతి ఆదివారం నుంచి అతనూ మా చాప మీదకి వచ్చాడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. నేను వానల కోసం అంతగా ఎదురుచూసింది ఎప్పుడూ లేదు, మా నాన్న వరినాట్ల కోసం కూడా అంతగా చూసి ఉండడు. మా ఆఫీసు గోడల సున్నం రాలిపోయింది. గెస్ట్‌హౌస్‌ది రాలిపోయింది. మా ఇంటికి వేయించుకున్నది, అదీ డబ్బులిచ్చి వేయించుకున్నది, పెచ్చులు పెచ్చులుగా ఊడి మంచం మీద పడింది. గన్నవరం గది మాత్రం వాన వెలిసినప్పుడల్లా కడిగిన ముత్యంలా మెరిసేది. ఆదివారం ఆదివారం వెళ్లి గోడకి చెవి ఆనించి, ఎక్కడైనా డొల్లగా మోగుతుందేమోనని వేళ్లతో కొట్టి చూసేవాళ్లం. ఎక్కడా మోగేది కాదు.

ఆటోనగర్ పెద్దమనిషి గ్రైండరు తెస్తానన్నాడు. యాసిడ్ పోద్దామన్నాడు. ఇసుకని ప్రెషర్లో కొట్టే మెషీను తనకి తెలిసినవాళ్ల దగ్గర ఉందన్నాడు. చివరికి ఒక మూల చెక్కబద్దతో కాస్త గీకి చూశాం. సున్నంతో పాటు బొగ్గు కూడా లేచి వచ్చేసింది. ఆనపకాయ విమానం తోక పోయింది. "చాలు, ఇక ముట్టుకోకండి" అన్నారు పెద్ద టీచరు గారు. "తోకతో పోయింది. తొందరపడితే గీత కూడా పోతుంది."

వానలు అయిపోయాయి. దసరా కూడా అయింది. ఎస్ఈ ఆఫీసు నుంచి కబురొచ్చింది, గది సంగతి తేల్చమని. తేల్చడానికేముంది? కూల్చే ముందు ఆఖరి కొలతలు తీసుకోవాలి. పెద్ద టీచరు గారికి చెప్పకుండా వెళ్లి పని ముగించుకుందామని చూశాను గానీ, ఆ ధైర్యం కూడా లేకపోయింది. చెప్పాను. ఆవిడ బస్సెక్కి వచ్చారు. గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పులు విప్పారు. నేనూ విప్పాను, మేస్త్రీ కూడా.

నేను కొలతలు తీసుకుంటుంటే ఆవిడ కిటికీ పక్కనే నిలబడ్డారు. కాసేపటికి, "ఇంజనీరు గారూ" అన్నారు. ఎప్పుడూ బాబూ అనే మనిషి. "ఎలాగూ తీసేస్తున్నారు. నాకొక్క సాయం చేయండి. మా అబ్బా పని ఎలాంటిదో మీరు చెక్ చేసి చెప్పండి. మీరు కాంట్రాక్టర్ల పని చూస్తారు కదా, అలాగే చూడండి. బాగోకపోతే బాగోలేదనే చెప్పండి. ఆయన పని గురించి తెలిసినవాళ్లు చెబితే నేను ఎప్పుడూ వినలేదు."

సరేనన్నాను. ప్లాస్టరింగు సమంగా ఉందో లేదో చూడటానికి మాకో పద్ధతి ఉంది. గదిని చీకటి చేసి, టార్చిలైటుని గోడకి పూర్తిగా ఆనించి, వెలుతురు గోడ వెంబడి పారేలా పెడతాం. ఎదురుగా చూస్తే నున్నగా కనిపించే గోడలో, అలా పక్కనుంచి వెలుతురు పడితే ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో నీడలుగా తేలిపోతుంది. కాంట్రాక్టర్ల బిల్లులో కోత పెట్టడానికి తప్ప నేనెప్పుడూ ఆ పద్ధతి వాడలేదు. నిజం చెప్పాలంటే, కోత పెట్టాలని ముందే అనుకున్న బిల్లులకే వాడేవాణ్ణి.

మేస్త్రీ తలుపు మూసి, కిటికీకి గోనెపట్టా అడ్డం పెట్టాడు. నేను జీపులోంచి పెద్ద టార్చి తెచ్చి, గోడ ఈ చివర, కింది మూలన ఆనించి వెలిగించాను. వెలుతురు గోడ మీదుగా సాగిపోయింది. ఎక్కడా అల లేదు, ఎక్కడా పల్లం లేదు. చెరువు నీళ్లలా ఉంది గోడ.

"గొప్ప పనండీ" అన్నాను. మర్యాదకి అన్న మాట కాదు. "నా సర్వీసులో ఇంత సమంగా ఉన్న గోడ నేను చూడలేదు. ఎక్కడా మట్టం తప్పలేదు, ఒక్క ఆ కిటికీ దగ్గర తప్ప..."

అలా అంటూనే ఆగిపోయాను. కిటికీ పక్కన, నడుం ఎత్తులో, జానెడు పొడవున, సన్నటి నీడ ఒకటి అడ్డంగా పడి ఉంది.

లప్పం తడిగా ఉన్నప్పుడు నిండుగా ఉంటుంది, ఆరాక లోపలికి దిగుతుంది. గోడని కాచుకుని కూర్చున్న ఆ నెలల్లో పైన సున్నం రాలుతుందా లేదా అని చూశామే గానీ, లోపల పెట్టిన లప్పం నెమ్మదిగా కుంగుతోందని మాకు తట్టలేదు. మాకు అంటే నాకు. అది తట్టాల్సింది ఇంజనీరుకి కదా. చేత్తో తడిమితే తెలియనంత కొద్దిగా దిగింది. టార్చి వెలుతురుకి మాత్రం దొరికిపోయింది.

మేస్త్రీ, "అమ్మా, గీత!" అని గట్టిగా అరిచాడు. పెద్ద టీచరు గారు మెల్లగా వెళ్లి గోడకి వీపు ఆనించి నిలబడ్డారు. మడమలు వెనక్కి జరిపి గోడకి ఆనించారు. తల ఎత్తారు. కొన్ని వేలమంది పిల్లల్ని నిటారుగా నిలబెట్టిన మనిషి, ఆ చీకటి గదిలో మా ఇద్దరి ముందూ చిన్నపిల్లలా కొలత కోసం నిలబడ్డారు. గీత ఆవిడ నడుం దగ్గర ఉంది.

"చూడు బాబూ" అన్నారు కళ్లనీళ్లతోనే నవ్వుతూ, "ఎంత పెరిగానో."

నేను ఏడ్చాను. మేస్త్రీ కూడా ఏడ్చాడు. టార్చి పట్టుకున్న చెయ్యి కదలకూడదు కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి కూడా వీలు కాలేదు.

ఎస్ఈ గారు ఆ వారంలోనే వచ్చారు. టార్చి వెలుతురులో గీత చూసి, "రోడ్డు జరపండి" అన్నారు. గుమ్మం దాటాక నా భుజం మీద చెయ్యి వేసి, "సున్నం రాలలేదేమయ్యా?" అన్నారు.

"రాలలేదండి. నాణ్యంగా వేయించాను."

"ఇన్నేళ్ల సర్వీసులో ఇక్కడే ఎందుకయ్యా అంత నాణ్యత?" అని కారెక్కారు.

రోడ్డు ఆ గది దగ్గర చిన్నగా పక్కకి తిరుగుతుంది. అటు వెళ్లే డ్రైవర్లు ఈ మలుపు వేసిన ఇంజనీరు ఎవడో అని తిట్టుకుంటారట. ఆ తిట్లు నాకు ముద్దు. బొగ్గు రాతలన్నీ ఇంకా ఆ సున్నం కిందే ఉన్నాయి. వాటిని బయటికి తీసే ఉపాయం తెలిసినవాళ్లు ఎప్పుడో వస్తారని ముట్టుకోకుండా ఉంచాం. చూడటానికి వచ్చిన వాళ్లకి మేస్త్రీయే తలుపు మూసి, టార్చి పెట్టి గీత చూపిస్తాడు, ఆ గోడ కట్టిన మనిషి గురించి చెబుతాడు. నాకంటే బాగా చెబుతాడు. ఎందుకు సున్నం వేశారని ఎవరైనా అడిగితే నావైపు చూపిస్తాడు.

పెద్ద టీచరు గారు ఇప్పుడు లేరు. పోయే ముందు నన్ను పిలిపించి, గది జాగ్రత్త అన్నారు. నేను రిటైరై చాలాకాలమైంది. అయినా గన్నవరానికి పెద్దవాళ్లెవరైనా వస్తున్నారని తెలిస్తే చాలు, టిఫిన్ కట్టించుకుని, బస్సెక్కి వెళ్లి, చెప్పులు విప్పి, ఆ గది గుమ్మంలో కూర్చుంటాను. కార్లన్నీ వెళ్లిపోయేదాకా కదలను. నాలాంటి సిన్సియర్ ఉద్యోగి ఎవడైనా మంచి సున్నం కలుపుకుని వస్తాడేమోనని నా భయం.